మగ్గం దిగినాక

హిందూపురం,
జూన్ 9

సులోచనక్కకు,

చాలా ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. దాంతోనే మొదలుపెడతాను. జబ్బుపడ్డ మనిషి "నాకేమైంది?" అని అడిగినప్పుడు, ఆ మనిషికి నిజంగా కావలసింది జవాబేనా? హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మా వార్డులో ఒక పెద్దాయన పొద్దున ఒక డాక్టరును, మధ్యాహ్నం ఇంకొకరిని, సాయంత్రం నన్ను ఇదే మాట అడిగేవాడు. ముగ్గురమూ దాదాపు ఒకే జవాబు చెప్పేవాళ్లం. మర్నాడు మళ్లీ కొత్తగా అడిగేవాడు. మతిమరుపు అనుకుందామంటే, చుట్టుపక్కల మంచాల వాళ్ల మందుల పేర్లన్నీ ఆయనకు నోటికి వచ్చు.

ఇప్పుడు ఆ ప్రశ్నే నా ఉద్యోగానికి అడ్డంగా కూర్చుంది. ప్రొఫెసర్ కావాలంటే నాది ఇంకొక పరిశోధన వ్యాసం అచ్చు కావాలి. మా హెడ్ రంగనాథ్ గారు "ఈ ఏడు కూడా లేకపోతే లిస్టులో మీ పేరు పెట్టలేనమ్మా" అన్నారు. కోపమేమీ లేదు, ఈరోజు ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పారు. పరిశోధన ఎలా చేయాలో ఏటా పిల్లలకు పాఠం చెప్పేది నేనే. నా సొంత వ్యాసం తెరిచేసరికి మాత్రం బీరువా సర్దాలనిపిస్తుంది. పోయిన నెల వంటింటి డబ్బాలన్నీ కడిగాను. మా మెడికల్ కాలేజీలో నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. స్టాఫ్ రూములో ఎవరైనా "పేపర్ ఎంతవరకొచ్చింది?" అంటే అందరం కాఫీ గ్లాసుల్లోకి చూస్తాం.

నేను ఎంచుకున్న అంశం ఇది: క్యాన్సర్ వచ్చినవాళ్లు తమ జబ్బు గురించి ఎక్కడ, ఎవరి దగ్గర తెలుసుకుంటున్నారు? నీకు పోయినేడు ఆపరేషనై, మందులు ఎక్కించడమూ పూర్తయింది కాబట్టి అందరికన్నా ముందు నిన్నే అడుగుతున్నాను. ప్రశ్నల కాగితం దీంతో పంపుతున్నాను. అర్థం కాని ప్రశ్న ఉంటే తప్పు నాదే, గుర్తు పెట్టు.

నీ ఫోన్ మీ అమ్మాయి ప్రత్యూషకు ఇచ్చేశావట. ఇకమీద ఉత్తరాలే రాయమన్నావని తనే చెప్పింది. ఏమైందక్కా?

నీ మాధవి

⁂

ధర్మవరం,
జూన్ 17

మాధవీ,

ఏమ్మే, ఉత్తరం రాస్తివా, పరీక్ష పేపరు పంపిస్తివా? పదో తరగతి తర్వాత ఇన్ని ప్రశ్నలు నన్నెవరూ అడగలేదు.

ఫోన్ సంగతి చెప్తా విను. మందులు ఎక్కించేది అయిపోయినాక ఒక పొద్దు దాన్ని అడిగితిని, మళ్లీ వస్తాదా అని. నోటితోనే అడిగితిని. అంతే, ఆ పొద్దు నుంచి దానికి నేను తప్ప వేరే పని లేదు. చీరలకు కొత్త అంచులు ఏమొచ్చినాయో చూద్దామని తెరిస్తే ముందు ఒక గడ్డమాయప్ప వచ్చి లక్ష్మణఫలం ఆకులు కాంచి తాగమంటాడు. ఆయప్ప పోతానే ఒకాయమ్మ ఉప్పు మాన్పిస్తాది. ఆయమ్మ వెనకాలే ఇంకొకడు చక్కెర మాన్పిస్తాడు. అందరి మాటా వింటే నేను గాలి బోంచేయల్ల. ఒక వీడియోలో జబ్బు గుర్తులు ఏడు చెప్పినారు, ఏడూ నాకుండాయి. మీ బావకు చూపిస్తే ఆయనకూ ఐదుండాయంట! ఇంక చాలులే తల్లీ అని ప్రత్యూష చేతిలో పెట్టేస్తిని.

ఆకులు తాగలేదా అంటావేమో, తాగినా. గుడిబండ కాడ ఎవరో పొడి ఇస్తారంటే పక్కింటి యల్లక్క తెప్పించింది. అదీ తాగినా. వాంతులై ఇడిసిపెట్టినా. డాక్టరమ్మకు చెప్పలేదు, నువ్వూ చెప్పొద్దు.

ప్రత్యూష ఫోన్లో మాట్లాడొచ్చు గదా అంటావు. ఫోన్లో నువ్వు ఊపిరి తీసుకునే సందులో నేను నూరు అనుకుంటాను. ఉత్తరంలో ఆ బాధ లేదు.

ఇంకో సంగతి. బెంగళూరు రైల్లో నాతోపాటు వచ్చేది చూడు, రూతమ్మ, మా ఇద్దరికీ ఒకే డాక్టరమ్మ. పోయిందంట మే. ఆ కబురు మోసుకొచ్చింది యల్లక్కే. అప్పుడు నేను మగ్గం మీద ఉండాను. మన ఇండ్లల్లో సంగతి నీకు తెలుసు గదా, మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకోని కూచున్న మనిషికి చెడ్డ కబురు చెప్పరు, దిగినాకే చెప్పల్ల. చెయ్యి వణికి పోగు తెగితే చీర పాడు. ఏడ్చుకుంటా నేసిన చీర పెండ్లికూతురు కట్టకూడదంటారు. పాపం యల్లక్క గడప కాడ నిలబడి టమాటాల గురించి చెప్పింది, వానల గురించి చెప్పింది, మనవడికి పండ్లు వస్తాండాయని చెప్పింది. "ఎప్పుడు దిగుతావే తల్లీ, నా కాళ్లు పడిపోతాండాయి" అనింది. కాఫీపొడి అడగను వచ్చిందేమోలే అనుకోని నేను ఇంకో మూర నేసినా. దిగినాక చెప్పింది. ఇద్దరం గడప మీద కూచుని ఏడిస్తిమి.

నీ కాగితం నింపినా. ఎవరి మాట ఎక్కువ నమ్ముతారు అంటే డాక్టరు, నర్సు, ఇంటివాళ్లు, ఫోను అని గడులు పెట్టినావు. "ఇతరులు" అనే కాడ నీ పేరు రాసినా. "మీ జబ్బు గురించి పూర్తిగా తెలుసుకోవాలనుకుంటున్నారా?" అనేదానికి "అవును" అని గట్టిగా కొట్టినా. కాగితం చినిగింది, ఏమనుకోవద్దు.

ఆగస్టులో మళ్లీ స్కాను ఉండాది. ఏం వచ్చినా నువ్వే చెప్పల్ల నాకు. ఆ డాక్టరమ్మ కొంచెం కన్నడం, కొంచెం ఇంగ్లీషు, బిన్నా బిన్నా మాట్లాడేసి పోతాది. మీ బావకు అబద్ధం చెప్పనూ రాదు, నిజం చెప్పనూ రాదు, ఊరికే మెడ గోక్కుంటాడు. నువ్వు చెప్తానని మాట రాయి.

మిగతా అంతా బాగుండాది. నడుము కొంచెం పట్టేసినట్ల ఉండాది. మగ్గం పనోళ్లకు ఎవరికి లేదులే.

సులోచన

⁂

పెనుకొండ,
జులై 12

అక్కా,

వారంలో మూడు రోజులు పెనుకొండలోనే ఉంటున్నాను. బస్టాండుకు దగ్గర్లో మా కాలేజీ ఆరోగ్య కేంద్రం ఉంది. చుట్టుపక్కల ఊళ్లనుంచి క్యాన్సర్ మందులు వాడేవాళ్లు బీపీకి, షుగరుకు అక్కడికి వస్తారు. హైవే మీద లారీల మోతలో ఒకే ప్రశ్నను రెండుసార్లు అడగాల్సి వస్తోంది.

పోయిన వారం ఓబన్న అని ఒకాయన వచ్చాడు. బుక్కపట్నం చెరువులో చేపలు పడతాడు, గొంతులో క్యాన్సర్. మాటలు రాసుకున్నాను, ఇదిగో.

"నీ జబ్బు గురించి అంతా చెప్పాలా ఓబన్నా?"

"చెప్పల్ల మేడమ్. ఎందుకు చెప్పకూడదు?"

"అవును" దగ్గర గుర్తు పెట్టాను. ఆయన లేచి కండువా దులుపుకుని, "ఏదన్నా ఎక్కువా తక్కువా ఉంటే మాత్రం మా చిన్నోనికి చెప్పండి. నాకొద్దు" అన్నాడు.

"ఇప్పుడే కదా అంతా చెప్పాలన్నావు!"

"అడిగినారు, చెప్పినా. వద్దంటే భయపడినట్ల గాదా?"

"మరి ఏది రాసుకోమంటావు?"

"మీకు ఏది మంచిదైతే అది రాసుకోండి."

గుర్తు పెట్టిన చోటే ఉంచేశాను. మా స్టాటిస్టిక్స్ చూసే జగదీష్ పట్టికలు వేసి చూపించి, "దాదాపు అందరూ అవునే మేడమ్, భలే వచ్చింది" అన్నాడు. రంగనాథ్ గారికీ నచ్చింది. "చూశారా, జనం తెలుసుకోవాలనుకుంటున్నారు, మనం చెప్పడం లేదు. ఇంతకన్నా శుభ్రమైన ఫలితం ఏం కావాలి? రాసి పంపండి" అన్నారు. పంపాల్సింది నేనే కాబట్టి ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి బూజు దులిపాను.

ఫలితం తప్పని అనను. కానీ మేము తెల్లకోటు వేసుకుని, పెన్ను పట్టుకుని, ఎదురుగా కూర్చుని "తెలుసుకోవాలని ఉందా?" అంటే, వద్దని ఎవరంటారు? అది నా ప్రశ్నలో లోపమా, నా భయం వెతుక్కున్న సాకా? వ్యాసం పంపకుండా ఉండటానికి నాకు ఎప్పుడూ ఒక మంచి కారణం దొరుకుతుంది. అందుకే దీన్నీ నమ్మలేకపోతున్నాను.

స్కాన్ సంగతి నేనే చెప్తాను. మాట ఇస్తున్నాను. ఈ వాక్యం రాయడం నాకు ఏమాత్రం కష్టం కాలేదు. అందుకే కొంచెం అనుమానం కూడా వస్తోంది.

నడుము నొప్పి గురించి డాక్టరమ్మకు తప్పకుండా చెప్పు. మగ్గం మీదికి తోసేయకు.

మాధవి

⁂

ధర్మవరం,
ఆగస్టు 14

మాధవీ,

స్కాను అయ్యింది. గుహలోకి పంపినట్ల పంపి, ఊపిరి పట్టమని, ఇడవమని ఒకటే అరుపులు. రిపోర్టు తేను మీ బావ ఒక్కడే బెంగళూరు పోయొచ్చినాడు. యాడ అంటే "ఇంకా రాలేదు" అంటాడు. మెడ ఎర్రగా ఉండాది, గోక్కోని గోక్కోని.

మగ్గానికి కొత్త వార్పు ఎక్కించినాము, మూడు చీరల నిలువు పోగు. ఒకే ఇంటి పెండ్లికి చీరలన్నీ మాకే చెప్పినారు, పెండ్లికూతురుదీ, వాళ్లమ్మదీ, అత్తదీ. పెండ్లికూతురుదానికి ముదురు పచ్చ, వంగపండు రంగు అంచు. పోగు మీద చెయ్యి పెడితే నాకు వేరే ఏమీ గుర్తుకు రాదు మే. ఆపరేషనైన పక్క చెయ్యి బరువుగానే ఉండాది, అడ్డపోగు మోసే నాడెను మాత్రం తోస్తాంది.

నువ్వు మాట ఇచ్చినావు. మర్చిపోవద్దు.

సులోచన

⁂

హిందూపురం,
ఆగస్టు 20

అక్కా,

రిపోర్టు బావ నా దగ్గరికి తెచ్చాడు. ఆయన్ను ఏమీ అనకు. కొన్ని సంగతులు బెంగళూరు డాక్టరమ్మను అడిగి స్పష్టంగా తెలుసుకోవాలి. అడిగి, ఆదివారం నేనే ధర్మవరం వస్తాను.

ఇక్కడ వానలు బాగా పడ్డాయి. మా వీధి చివర గుంత నిండి స్కూటర్లు చుట్టూ తిరిగి పోతున్నాయి. కాలేజీలో పరీక్షలు మొదలయ్యాయి. ప్రత్యూషకు డిగ్రీలో మంచి మార్కులు వచ్చాయట కదా, సంతోషం. నేను వచ్చేటప్పుడు పాకం పప్పు తెస్తాను. రంగుల సంగతి రాశావు, పచ్చకు వంగపండు రంగు అంచు బాగుంటుంది.

నడుము ఎలా ఉంది? కొన్నాళ్లు మగ్గం పక్కన పెడితే బాగుంటుందేమో ఆలోచించు.

మాధవి

⁂

హిందూపురం,
ఆగస్టు 26

అక్కా,

నిన్నంతా నీ ఇంట్లోనే ఉన్నాను. అయినా ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది.

నేను వచ్చేసరికి నువ్వు మగ్గం మీద ఉన్నావు. చెప్పులు విప్పి, నీళ్లు తాగి, "ఎప్పుడు దిగుతావక్కా?" అని అడిగాను. "ఈ పువ్వు అయిపోనీ" అన్నావు. ఆ పువ్వు అయింది, ఇంకో పువ్వు మొదలైంది. అన్నానికి పిలిస్తే "ఈడికే తెచ్చిపెట్టు మే" అన్నావు. గుంతలో కాళ్లు ఉంచుకునే తిన్నావు. నా పేపర్ సంగతి అడిగావు, ఓబన్న కథ మళ్లీ చెప్పించుకుని నవ్వావు. నీ స్కాన్ మాట మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. "కాసేపు నడుం వాల్చకూడదా" అంటే "నడుం వాల్చినోళ్లకు పెండ్లి చీరలు ఎవరిస్తారు" అన్నావు.

నువ్వు ముందుకు వంగిన ప్రతిసారీ నేను నీ వీపునే చూస్తూ కూర్చున్నాను. ఎందుకో దిగినాక చెప్తాను. బావను వాకిట్లోకి పిలిచి "దింపు బావా" అన్నాను. "నేనా? నా వల్ల యాడైతాది మాధవీ? నువ్వు డాక్టరువి, నువ్వే చెప్పు" అన్నాడు. "మగ్గం మీద ఉంది కదా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం విని నాకే ఆశ్చర్యం వేసింది. ఇద్దరం గడప దగ్గర చాలాసేపు నిలబడ్డాం. చివరి బస్సు టైమైంది. నువ్వు కూర్చున్నచోటే "పాకం పప్పు బాగుండాది, పోయిరా" అన్నావు.

అవ్వ పోయిన రోజు నాకు లీలగా గుర్తుంది. మా నాయన మగ్గం మీద ఉన్నాడు. పెద్దవాళ్లంతా గడప దగ్గర నిలబడి, నా నోరు మూశారు. ఆయన దిగేదాకా ఎవరూ కదల్లేదు. మూఢనమ్మకాలు జబ్బు కబురును ఎలా ఆలస్యం చేస్తాయో క్లాసులో చెప్పేటప్పుడు ఆ సంగతిని ఉదాహరణగా వాడుకుంటాను. పిల్లలు నవ్వుతారు.

ఇందులో రాసేద్దామంటే, పోస్టుమ్యాన్ ఇది తెచ్చేసరికి నువ్వు యాడ కూచోని ఉంటావో నాకు తెలియదు. కాబట్టి రెండే రాస్తున్నాను. ఈ ఉత్తరం అందగానే మగ్గం దిగు. డాక్టరమ్మ నిన్ను వెంటనే చూడాలంటోంది. దిగినానని ఒక్క మాట పంపితే ఆ పూటే వస్తాను.

మాధవి

⁂

ధర్మవరం,
సెప్టెంబరు 13

మాధవీ,

దిగినా. నిన్ననే. మూడు చీరలూ కోసి ఇచ్చేసినాము. పెండ్లికూతురు వాళ్లమ్మ అంచు మీద చెయ్యి పెట్టి చూస్తానే నిలబడిపోయింది. నాకు గొప్పగానే అనిపించింది, ఎందుకు అబద్ధం చెప్పేది.

నీ ఉత్తరం వచ్చి చానా దినాలైంది. దిగమన్నావు, దిగలేదు. తిట్టుకోని ఉంటావు.

నువ్వొచ్చిన పొద్దే నాకు అర్థమైపోయింది. మంచి కబురైతే గుంత పక్కన కూచోని అప్పుడే చెప్పుండేదానివి. మంచి కబురుకు ఏం అడ్డం? చెప్పులిప్పి, నీళ్లు తాగి, "ఎప్పుడు దిగుతావు" అంటివి. యల్లక్క అడిగిన మాటే. ఆ మాట వింటానే నా కాళ్లు గుంతలో ఇంకా కిందికి పోయినట్ల అయినాయి. ఇంక నేను దిగుతానా? ఈ వార్పు ఉండేదాకా నన్నెవరూ ఏమీ అనలేరు, ఎవరి మొగమూ చూడాల్సిన పనిలేదు, అంతే అనుకుంటిని. నువ్వు గడప కాడ నిలబడుకోని ఉంటే పాపం అనిపించింది. అయినా దిగలేదు.

మీ నాయన, అదే మా చిన్నాయన, సంగతి రాసినావే. నువ్వు పసిది, గడప అవతల ఉంటివి. నేను మగ్గం పక్కనే కండెలకు పోగు చుడతాంటిని. చిన్నాయనకు తెలుసు మే. గడప కాడ అంతమంది గమ్మున నిలబడితే తెల్దా? నాడె తోస్తానే ఉండె, కండ్లనీళ్లు గడ్డం మీదికి కారతానే ఉండె. ఆ పొద్దు నేసిన ముక్క ఇయ్యకుండా పక్కన పెట్టేసిరి. క్లాసులో పిల్లలకు చెప్పేటప్పుడు ఇది గూడా చెప్పు.

ఇప్పుడు కిందుండాను. చెప్పు. కానీ నువ్వు రావద్దు. వస్తే నీ మొగాన్ని నేను ఓదార్చల్ల. కాగితం మీదే రాయి. ఎన్ని నెలలు, ఎన్నేండ్లు అని నేను అడగను. అడిగేది ఒకటే. ఇప్పుడు ఇచ్చేది నయం చేసే మందా, ఆపి పెట్టే మందా? మీ బావను అడిగితే మెడ మీదికి చెయ్యి పోయింది.

వచ్చే వారం బెంగళూరు పోతాము.

సులోచన

⁂

హిందూపురం,
సెప్టెంబరు 16

అక్కా,

ఆపి పెట్టే మందు.

జబ్బు ఎముకల్లోకి వచ్చింది. వెన్నులో, తుంటిలో ఉంది. కాలేయం, ఊపిరితిత్తులు బాగున్నాయి. పూర్తిగా పోగొట్టే మందు దీనికి లేదు. ఆపి ఉంచే మందులు ఉన్నాయి, కొందరిలో చాలాకాలం ఆపుతాయి. నీలో ఎంతకాలమో ఎవరికీ తెలియదు. తెలిసీ దాస్తున్నానని అనుకోకు. నీ నడుము నొప్పి మగ్గం నొప్పి కాదు. వెన్ను ఎముకలు పెళుసయ్యాయి. వంగకూడదు, బరువులెత్తకూడదు, మగ్గం మీద కూర్చోకూడదు. కాళ్లు తిమ్మిరెక్కినా, నడుస్తుంటే తడబడినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. గుడిబండ పొడి సంగతి డాక్టరమ్మకు నువ్వే చెప్పు, మందులు మార్చేటప్పుడు ఆమెకు తెలియాలి.

ఇది ఆగస్టు 18న బావ రిపోర్టు తెచ్చినప్పటినుంచీ నాకు తెలుసు.

మాధవి

⁂

ధర్మవరం,
అక్టోబరు 19

మాధవీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివినా. మొదటిసారి నీ మీద కోపమొచ్చింది, రెండోసారి ఆకలైంది. ఏం చేస్తాం.

మందు మొదలుపెట్టినారు. రోజూ మాత్ర, నెలకొకసారి సూది. పొడి సంగతి చెప్తే డాక్టరమ్మ తిట్టలేదు, నవ్వింది. "ఎల్లరూ కుడీతారమ్మా" అనింది, అందరూ తాగుతారంట. ఇన్ని దినాలు ఆమెకు ఎందుకు భయపడితినో.

కొత్తగా తీసిన స్కానులో వెన్నులో ఒక ఎముక కొంచెం కుంగి ఉండాదంట. నడుముకు గట్టి బెల్టు కట్టినారు. దేవుని దయ, కాళ్లు బాగానే ఉండాయి, నడుస్తాండా. మీ బావ అడిగినాడు, ఎప్పుడు కుంగింది అని. ఆగస్టు స్కానుకూ ఈ స్కానుకూ నడుమ అనింది డాక్టరమ్మ. ఆ నడుమే గదా నా పెండ్లి చీరలు ఉండేది. "మగ్గం మీద కుంగిందా?" అన్నాడు. "చెప్పలేము, మంచం మీద పక్కకు తిరిగినా కుంగుతాది" అనింది.

మగ్గం మీద ఇప్పుడు మీ బావే. నేను కుర్చీలో కూచోని తప్పులు పడతా. "నువ్వు నేసేటప్పుడు నేనేమన్నా అంటినా?" అని గొణుగుతాడు. "అనుండాల్సింది" అంటా.

నీ కాగితంలో "అవును" అని కొట్టినా గదా. మార్చాల్నా అని అడుగుతావేమో, మార్చొద్దు. ఆ పొద్దు అవునే. నువ్వొచ్చిన పొద్దు కాదు. ఇప్పుడు మళ్లీ అవును. నీ కాగితంలో దానికి జాగా లేదు, నేనేం చేయను?

ఒకటి మాత్రం చెప్తా, మనసులో పెట్టుకోవద్దు. ఆ పొద్దు నువ్వు గుంత పక్కన కూచోని "అక్కా, నీ ఎముక విరుగుతాది, లే" అనింటే దిగుండేదాన్నేమో. దిగుండనేమో. చానా సార్లు అనుకొని చూసినా. ఒక్కొక్క పొద్దు ఒక్కొక్క రకంగా వస్తాది.

సులోచన

⁂

హిందూపురం,
నవంబరు 23

అక్కా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఆలస్యానికి కాలేజీ పనులు కారణమని రాయవచ్చు. కారణం అది కాదు.

వ్యాసం పంపలేదు. రంగనాథ్ గారి దగ్గరికి వెళ్లి, ప్రశ్నలు సరిగ్గా అడగలేదనిపిస్తోంది, ఆ మనుషుల దగ్గరికే మళ్లీ వెళ్తానన్నాను. ఆయన కళ్లజోడు తీసి, "మీకు ఫలితం వస్తే భయం, రాకపోతే భయం" అన్నారు. నిజమేనన్నాను. "సరే, అయితే వచ్చే ఏటి లిస్టు" అన్నారు. స్టాఫ్ రూముకు వచ్చి కాఫీ తాగాను. అంతకన్నా ఏమీ కాలేదు.

ఇప్పుడు కొత్త ప్రశ్న ఒకటి చేర్చాను: "మీకు ఏమీ చెప్పకపోతే బాగుండుననిపించిన రోజు ఉందా?" బుక్కపట్నం వెళ్లి ఓబన్నను కూడా అడిగాను. గొంతు బాగా తగ్గిపోయింది, దగ్గరికి వంగితే తప్ప వినపడదు.

"ఎందుకు లేదు మేడమ్? ఆదివారం" అన్నాడు.

"ఆదివారమే ఎందుకు?"

"ఆదివారం మా ఇంట్లో చేపల పులుసు."

వాళ్ల చిన్నోడు పక్కన కూర్చుని నేల చూస్తున్నాడు. డాక్టర్లు అతనికి చెప్పింది ఓబన్నకు ఎంతవరకు తెలుసో నేను అడగలేదు. ఆ రోజు కూడా ఆదివారమే.

నీ కాగితం సంగతి జగదీష్ పట్టుకున్నాడు. "మీ బంధువులది లెక్కలో ఉండకూడదు మేడమ్, తీసేద్దాం" అన్నాడు. నిజమే, తీసేయాలి. నేనే పిల్లలకు అలా చెప్తాను. జబ్బు తిరగబెట్టిందని అతనికి చెప్పి ఉన్నాను. తీసేముందు, జూన్‌లో నువ్వు ఖాళీగా వదిలిన గడి చూసి, "మళ్లీ వచ్చిందని ఈమెకు మొదట చెప్పిందెవరు?" అని అడిగాడు. నేనే అనబోయాను. నేను చెప్పింది సెప్టెంబరులో, నీకు తెలిసింది ఆగస్టులో. ఆగస్టులో నీకు ఎవరూ ఏమీ చెప్పలేదు. "ఆలోచించి చెప్తాను" అన్నాను. ఒక గడికి ఇంత ఆలోచన ఏమిటన్నట్టు చూసి వెళ్లిపోయాడు.

నాయన గడ్డం మీది కన్నీళ్ల సంగతి క్లాసులో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి చెయ్యెత్తి, "అయితే ఆ ఆచారం మంచిదా మేడమ్, చెడ్డదా?" అని అడిగింది. గంట మోగింది.

వచ్చే ఆదివారం వస్తున్నాను. ఈసారి ఏ కబురూ లేదు, ఊరికే వస్తున్నాను. కండెలు చుట్టడం చేతులు మరిచిపోలేదనుకుంటాను, బావకు పనికొస్తాను. నువ్వు కుర్చీలో కూర్చుని నా తప్పులు కూడా పట్టవచ్చు.

చెప్తానని నీకు రాసి ఇచ్చాను. వచ్చాను, పొద్దంతా నీ పక్కనే ఉన్నాను, నీ వెన్ను సంగతి తెలిసి కూడా చెప్పకుండా తిరిగొచ్చాను. నువ్వు వద్దనుకున్నావని నీ మనసు గ్రహించి ఆగానా, నాకు ధైర్యం చాలక నీ ఆచారం చాటున నిలబడ్డానా? నువ్వన్నట్టే ఒక్కో రోజు ఒక్కో రకంగా అనిపిస్తోంది. ఆ మూడు చీరలు నీకు మిగిల్చానో, ఆ ఎముక నీకు పోగొట్టానో నేను ఇంకా తేల్చుకోలేదు.

మాధవి